ముందు నీరు, తర్వాత నిప్పు, ఆ పైనే బొమ్మ: మూతపడ్డ పాత సినిమా హాలును ఊరంతా కలిసి నిలబెట్టుకోవడం ఎలా

పాత హాలు తాళం తీయగానే అందరి చూపూ తెర మీదికి, కుర్చీల మీదికి పోతుంది. చందాలు రాగానే డబ్బు కూడా అటే పోతుంది. ఏడాది తిరిగేసరికి కొత్త కుర్చీల మీద పైకప్పు కారుతుంది, వైరింగ్ పాతదే కాబట్టి లైసెన్సు రాదు, చందా ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వరు. ఈ పనికి ఒక వరస ఉంది. ముందు నీటిని ఆపాలి, తర్వాత నిప్పు భయం తీసేయాలి, ఆ తర్వాతే బొమ్మ, సౌండు. ఊరివాళ్లను డబ్బు అడగడమూ అదే వరసలో సాగాలి.

కాగితాలు తేలకుండా గోడ ముట్టుకోవద్దు

భవనం ఎవరి పేరున ఉంది, వారసులు ఎందరు, తాకట్టు ఉందా, పన్ను బాకీ ఉందా, వారసత్వ కట్టడంగా నమోదైందా, సినిమా లైసెన్సు రద్దయిందా లేక గడువు మాత్రమే తీరిందా అన్నవి మొదటి ప్రశ్నలు. కొనలేకపోతే లీజుకు తీసుకోవచ్చు. అయితే కనీసం 25 ఏళ్ల రిజిస్టర్డ్ లీజు చేతిలో లేకుండా పైకప్పు మీద ఖర్చు పెట్టడం పరాయి ఆస్తికి విలువ పెంచడమే అవుతుంది. యజమాని నోటిమాట ఎంత మంచిదైనా అది ఆయన వారసులను కట్టిపడేయదు.

లాభం పంచుకోని సంస్థను, అంటే ట్రస్టు గానీ సొసైటీ గానీ సహకార సంఘం గానీ, ముందే నమోదు చేయించండి. నియమావళిలో మూడు సంగతులు తప్పక ఉండాలి: సంస్థ మూతపడితే ఆస్తి అలాంటి మరో ప్రజా సంస్థకే వెళ్లాలి, కమిటీ సభ్యుల పదవికి కాలపరిమితి ఉండాలి, ప్రతి చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. కాలపరిమితి ఎందుకంటే ఇది ఏళ్లు పట్టే పని. ఇంగ్లండ్‌లోని హార్విచ్ అనే చిన్న రేవు పట్టణంలో 1911లో కట్టిన ఎలక్ట్రిక్ ప్యాలెస్ 1956లో మూతపడి, 1970లలో మొదలైన స్థానికుల ప్రయత్నంతో 1981లో మళ్లీ తెరుచుకుంది. మొదలుపెట్టినవాళ్లు అలసిపోయినా పని ఆగకూడదంటే కొత్తవాళ్లు లోపలికి రావడానికి తలుపు ముందే కట్టి ఉంచాలి.

మొదటిసారి లోపలికి వెళ్లేటప్పుడు

కరెంటు వేయకండి. ఏళ్ల తరబడి వాడని హాలులో ఎలుకలు కొరికిన వైర్లు, తడిసిన స్విచ్‌బోర్డులు ఉంటాయి. మెయిన్ సరఫరాను విద్యుత్ సంస్థ చేతే విడదీయించి, బ్యాటరీ లైట్లతో తిరగండి.

పావురాల రెట్టలను పొడిగా ఊడవద్దు. ఆ దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. నీళ్లు చిలకరించి తడిపి, మంచి ఫిల్టర్ మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, పారతో ఎత్తి సంచుల్లో కట్టాలి. పైకప్పు రేకులు, ప్రొజెక్టర్ గది లోపలి పలకలు, పైపులకు చుట్టిన పట్టీలు, పాత అగ్ని తెరలు ఆస్బెస్టాస్‌వి కావచ్చు. ప్రయోగశాల రిపోర్టు వచ్చేదాకా వాటిని కోయడం, రంధ్రం వేయడం, పగలగొట్టడం వద్దు. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా గీకించకండి.

ప్రొజెక్టర్ గదిలో పాత రీళ్లు దొరికితే పని అక్కడికక్కడే ఆపండి. 1950ల మొదటి వరకు 35 ఎం.ఎం. ఫిల్ములో నైట్రేట్ వాడేవారు. అది మండేటప్పుడు ఆక్సిజన్‌ను తనే పుట్టించుకుంటుంది, అందుకే నీటిలో ముంచినా ఆరదు. ఫిల్ము అంచున ‘సేఫ్టీ’ అని అచ్చు లేకపోయినా, ఫిల్ము జిగటగా మారి గోధుమరంగు పొడి రాలుతున్నా నైట్రేటే అనుకుని ముట్టుకోకుండా ఫిల్ము ఆర్కైవుకు, అగ్నిమాపక శాఖకు కబురు చేయండి. వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్ ఫిల్ము కుళ్లడం. దానికి నైట్రేట్ అంత నిప్పు ప్రమాదం లేదు గానీ పక్క రీళ్లను కూడా పాడుచేస్తుంది, విడిగా పెట్టాలి. అదే గదిలో కార్బన్ ఆర్క్ దీపాల కాలం నాటి రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే పెట్టె) ఉంటే జాగ్రత్త, పెద్ద గాజు బుడ్డితో ఉన్నవాటిలో పాదరసం ఉంటుంది.

ఏదీ పారేయకముందే ఫొటోలు తీసి, కొలతలతో ప్లాను గీయించండి. ప్రతి కుర్చీకి, తలుపుకు, దీపానికి ఒక నంబరు ఇవ్వండి. ఊళ్లో పాత టికెట్లు, ఫొటోలు, కరపత్రాలు ఉన్నవాళ్లను తెచ్చి చూపించమని అడగండి. హాలు అసలు రంగులు, ముందువైపు అక్షరాల తీరు చాలాసార్లు పెళ్లి ఫొటోల వెనకాల దొరుకుతాయి. ఇది ఊరిని కలుపుకునే మొదటి మెట్టు కూడా. డబ్బు అడగకముందే జనాన్ని పనిలో భాగం చేస్తుంది.

నీరు

స్ట్రక్చరల్ ఇంజినీరుతో పైకప్పు చూపించేటప్పుడు ట్రస్సుల (పైకప్పును మోసే చట్రాల) మధ్యభాగం కంటే వాటి చివర్లనే ఎక్కువ చూడమనండి. ట్రస్సు గోడలోకి దిగే చోటే వాన గట్టర్లు ఉంటాయి, కారడం అక్కడే మొదలవుతుంది. కర్ర అయితే అక్కడ పుచ్చుతుంది. ఇనుమైతే తుప్పుపట్టి ఉబ్బి గోడను పగలగొడుతుంది. కింద నుంచి చూస్తే రెండూ కనబడవు. పరంజా కట్టి, అవసరమైతే ఒక్కో చోట ఇటుక తీసి చూడాల్సిందే.

మరమ్మతు వరస ఇది: పైకప్పు, గట్టర్లు, దిగువ గొట్టాలు, ఆ తర్వాత గోడ చుట్టూ నేల. పెట్టె గట్టరుకు మీటరుకు 10 మి.మీ. వాలు ఇవ్వండి. పొంగితే నీళ్లు బయటికి దూకేలా ఒక తూము తప్పక పెట్టండి, లేకపోతే ఒక్క ఆకు అడ్డం పడ్డా నీరు హాలులోకే వస్తుంది. బయటి నేల మట్టం లోపలి నేల కంటే కనీసం 150 మి.మీ. కిందుండాలి. రోడ్డు ఏటేటా ఎత్తు పెరిగిన చోట్ల ఇదే అసలు చిక్కు, గోడ వెంట కాలువ తవ్వక తప్పదు.

కారడం ఆగాక గోడ ఆరనివ్వాలి. ఇటుక గోడ అంగుళం మందానికి దాదాపు ఒక నెల అన్నది పాత మేస్త్రీల లెక్క, నేటికీ పనికొస్తుంది. 18 అంగుళాల గోడకు ఏడాదిన్నర. ఈలోగా రంగులు, తివాచీ, ప్లైవుడ్ పలకలు బిగిస్తే చెమ్మ వాటి వెనక దాక్కుని బూజు, చెదలు తెస్తుంది. ఆ ఏడాదిన్నరను చందాల సేకరణకు, వైరింగుకు వాడుకోండి.

సున్నపు గోడకు సిమెంటు గార పూయవద్దు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు అడ్డుకుంటుంది. అడ్డుపడ్డ నీరు ఉప్పును మోసుకొచ్చి గార వెనక పేరుస్తుంది, నాలుగైదేళ్లలో పలకలు పలకలుగా ఊడుతుంది. 1 పాలు సున్నానికి 3 పాళ్లు గరుకు ఇసుక కలిపి, ఒక్కో పూత 10 మి.మీ. మించకుండా, పూతకూ పూతకూ మధ్య తడిపిన గోనెపట్టాలు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. త్వరగా ఆరితే బీటలు వారుతుంది. పైన సున్నం వేయండి, ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు.

నక్షీ చేసిన ప్లాస్టర్ సీలింగు ఉంటే దానికి వేరే పరీక్ష చేయించాలి. 2013 డిసెంబరులో లండన్ అపోలో థియేటరులో ప్రదర్శన జరుగుతుండగా సీలింగులో కొంత భాగం జనం మీద కూలింది. ప్లాస్టరును పైన కర్రలకు కట్టి ఉంచే గోనె పట్టీలు ఏళ్లు గడిచి చివికిపోవడం దానికి కారణాల్లో ఒకటి. కింద నుంచి సీలింగు చక్కగానే కనిపిస్తుంది. పైకెక్కి, దూలాల మీద పలకలు వేసుకుని నడుస్తూ, ఒక్కో పట్టీని చేత్తో లాగి చూడాలి. ప్లాస్టరు మీద కాలు పెట్టకూడదు. పాత పట్టీలకు తోడుగా కొత్తవి కట్టించి, నిపుణుల సర్టిఫికెట్ తీసుకుని, ఏటా చూపించండి.

నిప్పు

వైరింగ్‌లో మరమ్మతు మాట వద్దు, మొత్తం మార్చాలి. రబ్బరు, గుడ్డ తొడుగున్న పాత వైర్లు ముట్టుకుంటేనే పొడిగా రాలతాయి. ప్రొజెక్టర్, సౌండ్ పరికరాలకు ఒక ఫీడు, ఏసీ మోటార్లకు, లైట్ డిమ్మర్లకు వేరే ఫీడు ఇవ్వండి. కలిపితే స్పీకర్లలో గుంయ్‌మనే మోత వస్తుంది, తర్వాత ఎంత వెతికినా పోదు. సాకెట్లకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకర్లు పెట్టండి. కరెంటు పోయినా దారి కనబడేలా బ్యాటరీ లైట్లు మెట్ల మీద, ప్రతి తలుపు దగ్గర ఉండాలి. అవి 3 గంటలు వెలిగేలా చూడండి.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. ట్రాన్స్‌ఫార్మర్ మంట కింద పార్కింగులో మొదలైంది. చాలామంది ప్రాణాలు తీసింది పొగ. బాల్కనీలో అదనంగా కుర్చీలు వేసి ఒకవైపు దారి మూసేయడంతో లోపలివాళ్లు బయటపడలేకపోయారు. ఆదాయం కోసం నడవలో ఒక్క కుర్చీ పెడదామని ఎవరన్నా కమిటీ ఒప్పుకోకూడదు. అత్యవసర తలుపులు బయటికే తెరుచుకోవాలి, లోపలి నుంచి ఒక్క తోపుతో తెరుచుకునే అడ్డకడ్డీ ఉండాలి, ఆట నడుస్తుండగా తాళం ఉండకూడదు. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ హాలుకు దూరంగా ఉండాలి. నడవలు కనీసం 1.2 మీటర్లు. కచ్చితమైన అంకెలు మీ అగ్నిమాపక నియమాలవే; వాళ్లను పని అయ్యాక కాదు, ప్లాను దశలోనే పిలిచి చూపించండి.

కుర్చీల లెక్క ముందే వేయండి

పాత హాలులో ‘480 సీట్లు’ అని బోర్డు మీద ఉన్న అంకెను పట్టుకుని ఆదాయం లెక్కేయడం చాలా కమిటీలను ముంచే పొరపాటు. పాత వరసల మధ్య 75 సెం.మీ. ఉండేది, కుర్చీ వెడల్పు 45 సెం.మీ. వరసల కోసం 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటే 24 వరసలు, వరసకు 20 కుర్చీలు. ఇప్పుడు మోకాలికి చోటు కావాలంటే 1 మీటరు, కుర్చీకి 56 సెం.మీ. కావాలి: 18 వరసలు, వరసకు 16, మొత్తం 288. తెర పై అంచును చూడటానికి కళ్లు 35 డిగ్రీలకు మించి ఎత్తనక్కర లేకుండా చూస్తే ముందు వరస ఒకటి పోతుంది: 272. చక్రాల కుర్చీకి ఒక్కోదానికి 90 × 140 సెం.మీ. సమతలం, పక్కన తోడు వచ్చినవారికి సీటు వదిలితే ఇంకొన్ని తగ్గుతాయి. ఆ చోట్లు ముందు వరసలోనే పెట్టడం న్యాయం కాదు, మధ్యలో కూడా ఇవ్వండి. ర్యాంపు వాలు 1:12 దాటకూడదు.

పాత ఇనుప ఫ్రేముల కుర్చీలు పనికొస్తే విప్పేటప్పుడు బోల్టులను కుర్చీ నంబరు రాసిన సంచిలో వేయండి. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూయడం, చెక్కకు పాలిష్ పట్టడం స్వచ్ఛంద సేవకులు చేయగల పనులు. స్పాంజి మాత్రం నిప్పంటుకోని రకమని సర్టిఫికెట్ ఉన్నదే కొనాలి.

బొమ్మ

తెర వెడల్పును పాత రంగస్థలపు చట్రమే (వేదిక ముందువైపు చుట్టూ ఉండే కట్టడం) నిర్ణయిస్తుంది. చట్రానికి ముందుకు తెచ్చి పెద్ద తెర కట్టాలన్న కోరిక ఎప్పుడూ వస్తుంది. చట్రం పోతే ఆ హాలుకు ముఖం పోయినట్టే కాబట్టి మా ఓటు చట్రానికే. తప్పదనుకుంటే గోడకు మేకు కొట్టకుండా, విప్పుకోగల ఫ్రేము మీద కట్టండి.

చట్రం లోపల 8.5 మీటర్లు దొరికితే స్కోపు బొమ్మ (ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పున్న బొమ్మ) 8.5 × 3.56 మీటర్లు, అంటే దాదాపు 30 చదరపు మీటర్లు. 2005లో వచ్చిన డిజిటల్ సినిమా ప్రమాణం (డీసీఐ) ప్రకారం తెల్లని తెర మీద చదరపు మీటరుకు 48 క్యాండెలాల (వెలుగు కొలత) కాంతి ఉండాలి. మామూలు తెల్ల తెరకు (గెయిన్ 1; గెయిన్ అంటే తెర వెలుగును ముందుకు ఎంతగా తిప్పి పంపుతుందన్న కొలత) 48 × 3.14 × 30.2 = దాదాపు 4,560 ల్యూమెన్లు, అంటే ప్రొజెక్టర్ నుంచి రావలసిన మొత్తం వెలుగు. స్కోపు బొమ్మ ప్రొజెక్టర్ చిప్పులో 79 శాతమే వాడుకుంటుంది, కాబట్టి 5,770. ప్రొజెక్టర్ గది కిటికీ అద్దం దగ్గర 10 శాతం, సౌండు కోసం తెరకు ఉండే సన్న రంధ్రాల్లో 5 శాతం పోతే 6,750. దీపం పాతబడి 70 శాతానికి తగ్గినా సరిపోవాలంటే 9,600. అంటే 10,000 ల్యూమెన్ల యంత్రం చూడాలి. గెయిన్ ఎక్కువున్న వెండి తెర కొని చిన్న ప్రొజెక్టర్‌తో సరిపెడితే మధ్యలో వెలుగు మచ్చ కనబడుతుంది, పక్క సీట్లవాళ్లకు బొమ్మ మసకబారుతుంది.

లెన్సుకు లెక్క: ప్రొజెక్టర్ గది నుంచి తెరకు 22 మీటర్లయితే 22 ÷ 8.5 = 2.6. ఆ అంకె లెన్సు పరిధి మధ్యలో పడాలి, అంచున కాదు. ప్రొజెక్టర్ బరువు 100 కిలోలు దాటుతుంది, గది నేలను ఇంజినీరు చూడాలి. వేడిని బయటికి తోసే గొట్టం కొలత యంత్రం మాన్యువల్లో ఉన్నదే పెట్టండి. ఫ్యాను చిన్నదైతే యంత్రం ఆట మధ్యలో ఆగుతుంది. కొత్త సినిమాలు పంపిణీదారులు తాళంవేసిన ఫైళ్లుగా పంపుతారు, డీసీఐ ప్రమాణం ఉన్న యంత్రం లేకపోతే అవి తెరుచుకోవు. వాడిన యంత్రం కొనేటప్పుడు గంటల మీటరుతో పాటు మీడియా బ్లాకు (తాళంవేసిన ఫైలును తెరిచే భాగం) భద్రతా సర్టిఫికెట్ గడువు తేదీ అడగండి. ఆ గడువు తీరితే చక్కగా వెలిగే యంత్రమూ కొత్త సినిమా ఆడించలేదు.

పాత 35 ఎం.ఎం. మెషీన్లను అమ్మకండి. గేటు (ఫిల్ము దీపం ముందు నిలిచే చోటు) శుభ్రం చేసి, మాల్టీస్ క్రాస్ (ఫిల్మును ఒక్కో ఫ్రేముగా ఆపి కదిలించే చక్రం) డబ్బాలో నూనె మార్చి, మొదట చేత్తోనే తిప్పి చూడండి. బిగుసుకుంటే మోటారు వేయొద్దు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 2,000 అడుగుల రీలు 22 నిమిషాలు నడుస్తుంది, అందుకే రెండు మెషీన్లు. ప్రొజెక్టర్‌లోని జీనాన్ దీపం చల్లగా ఉన్నా లోపల వాయువు ఒత్తిడి మీద ఉంటుంది, పేలగలదు. ముఖానికి కవచం, చేతులకు తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

సౌండు

ఖాళీ హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. వెనక గోడ నుంచి ‘టప్’ మని తిరిగొస్తే ముందు ఆ గోడ సంగతి చూడాలి. 12 × 22 × 8 మీటర్ల హాలు ఘనపరిమాణం 2,112 ఘనపు మీటర్లు. మాట స్పష్టంగా వినబడాలంటే మోత గదిలో నిలిచే సమయం 0.8 సెకన్లకు దిగాలి. దానికి లెక్క కట్టే సబైన్ సూత్రం ప్రకారం 0.161 × 2,112 ÷ 0.8 = 425 చదరపు మీటర్ల శోషణ (శబ్దాన్ని పీల్చుకునే శక్తి) కావాలి. 272 మెత్తటి కుర్చీలు దాదాపు 120 ఇస్తాయి. వెనక గోడకు 50 మి.మీ. రాక్ ఊలు, దాని వెనక 50 మి.మీ. ఖాళీ వదిలితే 75, తెర వెనక గోడకు అదే పని చేస్తే మరో 75, పక్క గోడల్లో సగం కప్పితే 120. మిగిలింది నడవల్లో తివాచీ చూసుకుంటుంది. నక్షీ ఉన్న చోట పలకలు బిగించకుండా బరువైన మడతల తెరలు వేలాడదీయండి.

రంధ్రాల తెర వెనక మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, పక్కల సరౌండ్లు, ఇంతకు మించి చిన్న హాలుకు అక్కర్లేదు. పింక్ నాయిస్‌తో (స్పీకర్లను పరీక్షించే హోరు శబ్దంతో) తెర స్పీకర్లు ఒక్కోటి 85 డెసిబెల్, సరౌండ్లు ఒక్కో వైపు 82 ఉండేలా మీటరుతో సరిచేయించండి. చెవితో సరిచేస్తే ఖాళీ హాలుకే కుదురుతుంది.

డబ్బు అడగడం

మొదట అడగాల్సింది చిన్న మొత్తం: సర్వేకు, ఇంజినీరు రిపోర్టుకు, ప్లానులకు. అది చేతిలో లేకుండా చెప్పే మొత్తం అంచనా ఊహే, తర్వాత రెట్టింపైతే నమ్మకం పోతుంది. రిపోర్టు వచ్చాక ప్రతి పనికి అంచనా వేసి, పైన 20 శాతం చేర్చండి. పాత గోడ తెరిచాక ఏదో ఒకటి బయటపడుతుంది.

పనిని దశలుగా విడగొట్టేటప్పుడు ప్రతి దశ చివర ఊరివాళ్లు వాడుకోగలిగేది ఒకటి ఉండాలి. మొదటి దశలో పైకప్పు, రెండో దశలో టికెట్ కౌంటరు, ముందు హాలు తెరిచి అక్కడే పాత ఫొటోల ప్రదర్శన, మూడో దశలో అనుమతి తెచ్చుకుని తక్కువ సీట్లతో చిన్న ప్రదర్శనలు, చివర పూర్తి హాలు. మధ్యలో డబ్బు ఆగినా అప్పటిదాకా చేసింది చెడిపోదు.

బహిరంగంగా ప్రకటించే ముందే పెద్ద దాతల దగ్గర దాదాపు సగం మాట తీసుకోండి. సున్నా దగ్గర మొదలయ్యే బోర్డు జనాన్ని వెనక్కి లాగుతుంది. ఇస్తామన్నది వేరు, సంతకం పెట్టింది వేరు, బ్యాంకులో పడింది వేరు. మూడు నిలువు వరసల్లో రాయండి, కాంట్రాక్టు మూడో వరసను చూసే ఇవ్వండి. పైకప్పుకని తీసుకున్న డబ్బు పైకప్పుకే వాడాలి. నెలనెలా జమాఖర్చు హాలు గోడకు అంటించండి. తప్పు లెక్క కన్నా దాచిన లెక్క ఎక్కువ నష్టం చేస్తుంది.

కుర్చీ వెనక దాత పేరు రాయడం బాగా పనిచేస్తుంది. కానీ శాశ్వతంగా ఇవ్వకండి, 10 ఏళ్లకు ఇవ్వండి. కుర్చీ గుడ్డ మార్చే నాటికి మళ్లీ అడగవచ్చు. నెలకు కొంత ఇచ్చే సభ్యత్వం మరమ్మతుకు కాదు, కరెంటు బిల్లుకు, బీమాకు, జీతాలకు.

ఒళ్లు వంచి పనిచేసే సేవకులకు ఊడవడం, పేర్లు రాయడం, పాలిష్, రంగు, టికెట్లు అప్పగించండి. పైకప్పు, వైరింగ్, ఆస్బెస్టాస్, పరంజా వద్దు. ఎనిమిది మందికి ఒక పర్యవేక్షకుడు, ప్రమాద బీమా, గంటల రిజిస్టరు ఉండాలి. సాయం చేసే కొన్ని సంస్థలు ఆ గంటలను మీ వాటాగా లెక్కిస్తాయి.

నడిపే లెక్క

వారానికి 5 ఆటలు, 272 సీట్లు అంటే 1,360. బడ్జెట్ అందులో 20 శాతానికే, 272 టికెట్లకే వేయండి. పంపిణీదారు వాటా సగం పోతుందనుకుని మిగిలిన దానితో నెల ఖర్చు గడుస్తుందేమో చూడండి. గడవకపోతే సినిమా ఆటలు లేని రోజుల్లో నాటకాలు, బడి కార్యక్రమాలు, సభలు చేర్చాలి. అందుకు తెర ముందు వేదిక కనీసం 3 మీటర్ల లోతుండాలి, మైకులకు, లైట్లకు సాకెట్లు నేల పోసేటప్పుడే పెట్టించాలి. డిజిటల్ ప్రొజెక్టర్‌ను పదేళ్లకోసారి మార్చాల్సి వస్తుందనుకుని దాని ధరలో పదో వంతు ఏటా విడి ఖాతాలో వేయండి.

తెరిచే ముందు మూడు ప్రయోగ ఆటలు వేయండి: మొదటిది పనిచేసినవాళ్లకు, రెండోది వయసు మళ్లినవారికి, చక్రాల కుర్చీల్లో వచ్చేవారికి, మూడోది నిండు హాలుకు. మూడోదాంట్లో ఆట మధ్యలో లైట్లు వేసి అందరినీ బయటికి పంపి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూడండి. ఏ తలుపు దగ్గర జనం ఆగిపోయారో రాసుకుని, అది సరిచేశాకే లైసెన్సు అధికారిని తుది తనిఖీకి పిలవండి.